గేన్యా కోటు రంగు

షికాగో
9 ఫిబ్రవరి 1987

చేషూ,

ఎలా ఉన్నావని అడగను. మా పై అంతస్తు స్టెల్లా బస్సు యాత్రకని ఫ్లోరిడా వచ్చి, పనిగట్టుకుని నీ పిన్‌బాల్ ఆట మిషన్ల హాలు వెతుక్కుని, నీ పక్కన నిలబడి ఫొటో దిగి మరీ వచ్చింది. నిన్న మధ్యాహ్నం ఆ ఫొటో తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టి, "మీ తమ్ముడు ఎండకి ఎంత నల్లబడ్డాడో చూడవే" అంది. నేను నిన్ను చూడలేదు. నీ వెనకాల ఉన్నదాన్ని చూశాను.

గేన్యా కోటు ఏం చేశావురా?

"మంచు ఆదివారం" మిషన్ని తీసుకెళ్లి వీధి వైపు అద్దాల గోడ దగ్గర, పడమటెండకి మొహం పెట్టి నిలబెట్టావు. దాని తలకాయకి బిగించిన బొమ్మ అద్దంలో మన చెల్లెలు కాళ్లకి స్కేట్లు కట్టుకుని మంచు మీద తిరుగుతూ ఉంటుంది కదా. ఆ పిల్ల కోటు ఇప్పుడు పాలెక్కువైన టీ రంగులో ఉంది. ముప్పయ్యొక్క ఏళ్లు ఆ మిషన్లు కట్టే ఫ్యాక్టరీలో, సిల్కు తెరలోంచి అద్దాల మీదికి రంగు లాగి బొమ్మలు అచ్చేసినదాన్ని నేను. ఆ ఎరుపు నేనే కలిపాను, నేనే లాగాను. అది ఎలా ఉండేదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎండకి ముందు పోయేది ఎరుపు, ఆ తర్వాత పసుపు. నీలం, నలుపు మొండి ఘటాలు, ఆఖరిదాకా ఉంటాయి. ఎండలో పెట్టిన మిషన్ల మీద మనుషులందరూ ఒంట్లో రక్తం లేనట్టు కనిపించేది అందుకే. ఇది నీకు తెలియని సంగతేం కాదు. పక్క షెడ్డులో ఇరవై ఏళ్లు వైర్లు అతికినవాడివి.

నీ హాల్లో పదకొండు మిషన్లున్నాయి. మిగతా పది ఏమైపోయినా నాకనవసరం. అమ్మ పోయాక పెట్టెలో దొరికిన గేన్యా ఫొటోలన్నీ తెలుపు నలుపువే. ఆ పిల్ల రంగుల్లో ఉన్నది ఆ ఒక్క అద్దంలోనే. మధ్యాహ్నం పూట నాకు భోజనం డబ్బా తెచ్చి, ఫ్యాక్టరీ మెట్ల మీద ఎండకి వీపు పెట్టి కూర్చుని జుట్టు ఆరబెట్టుకునేది, గుర్తుందా? బొమ్మలేసే ఆయన కిటికీలోంచి చూసి, ఆ అమ్మాయి ఎవరని నన్నడిగి, కాగితం పట్టుకుని కిందికి పరిగెత్తాడు. మొహం దానిది. ఎర్రకోటు మాత్రం ఆయన కల్పన, మన ఇంట్లో ఎర్రకోటు ఎవరికీ లేదు.

తెర కట్టు. మందపాటి గుడ్డతో. ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టాక కాదు, మడవకముందే.

నీ అక్క
బెర్నీస్


పోర్ట్ సెలీనా, ఫ్లోరిడా
21 ఫిబ్రవరి 1987

బెర్నీస్ అక్కా,

నీ ఉత్తరం అందింది. తిట్లు కూడా అన్నీ చేరాయి, దారిలో ఒక్కటీ పోలేదు.

ఆ ఫొటోని నమ్మకు. అందులో నా చొక్కా తెల్లగా ఉందా లేదా? నేను ఆ రోజు వేసుకున్నది లేత పసుపు చొక్కా. స్టెల్లా ఫిల్ము కడిగించింది మందుల షాపులో అయి ఉంటుంది, వాళ్లు అలాగే కడుగుతారు. గేన్యా కోటు ఎర్రగానే ఉంది. రోజూ పొద్దున తాళం తీయగానే నేను మొదట చూసేది దాన్నే. నాకు తెలియకుండా ఎలా మారిపోతుంది?

ఇక తెర సంగతి. హాలు ముందు గోడంతా అద్దమే. బీచి నుంచి వచ్చేవాళ్లు లోపల వెలిగే దీపాలు చూసే ఆగుతారు. తెర కడితే మూసేశామనుకుని వెళ్లిపోతారు. ఇందులో ఇంకేం లేదు.

మోకాలు కాస్త నయం. కొత్తగా ఒక పెలికన్ పక్షి అలవాటైంది. రోజూ పదకొండింటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, గడ్డం కింద సంచీ వేలాడదీసుకుని, నేను ఏ పని చేసినా తప్పే అన్నట్టు చూస్తుంది. దానికి ఫోర్‌మన్ అని పేరు పెట్టాను. మన పాత ఫోర్‌మన్ గడ్డం నీకు గుర్తుండే ఉంటుంది.

గసగసాల రొట్టె పంపుతానని క్రిస్మస్‌కి రాశావు. గుర్తు చేస్తున్నానంతే.

నీ తమ్ముడు
చెస్టర్


షికాగో
12 మార్చి 1987

చేషూ,

ఫొటోని భూతద్దం పెట్టి మళ్లీ చూశాను. నీ వెనక లోపలి గోడకి క్యాలెండరు వేలాడుతోంది. అందులో ఆదివారాల అంకెలు ఎర్రగా, పండు మిరపకాయల్లా ఉన్నాయి. మరి ఫిల్ము కడిగినవాడు గేన్యా ఒక్కదాని మీదే కక్ష కట్టాడా?

తెర కడితే మూసేశామనుకుంటారని రాశావు. తెరిచే ఉందని ఒక అట్ట మీద రాసి గుమ్మానికి తగిలించు. అరవై ఒక్క ఏళ్లవాడికి ఇది కూడా నేనే చెప్పాలా?

నువ్వు కట్టవని తెలిసి తెర నేనే కుట్టి పంపుతున్నాను. మిల్వాకీ వీధి గుడ్డల కొట్లో మందంగా ఉన్నది ఊదారంగు ఒక్కటే దొరికింది. రెండు పొరలు వేశాను. పై అంచున రింగులు కూడా కుట్టాను, నువ్వు చేయాల్సిందల్లా ఒక కడ్డీకి ఎక్కించడం. నాలుగు రోజులు పట్టింది. నా వేళ్లు ఇప్పుడు ముందులా వంగవు, ఆ సంగతి నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి పొద్దుగూకేదాకా తెర వేసి ఉంచు. మిషన్ నెత్తి మీద ట్యూబులైటు ఉంటే అదీ తీసెయ్, అది కూడా రంగు తింటుంది, కాకపోతే నిదానంగా.

పార్సిల్లో గసగసాల రొట్టె పెట్టాను. తెర కట్టాకే తినాలి.

బెర్నీస్


పోర్ట్ సెలీనా
6 ఏప్రిల్ 1987

అక్కా,

రొట్టె ముందే తినేశాను. నీ దగ్గర దాచడం నావల్ల కాదు. అమ్మ చేసినట్టే ఉంది, ఇంకొంచెం తీపి తక్కువ.

తెర అందింది. కుట్టు చాలా బాగుందని ఫాదర్ కుబిక్ కూడా అన్నారు.

ఆయన సంగతి ఎందుకు వచ్చిందంటే, పార్సిల్ విప్పి తెరని కౌంటరు మీద పరుచుకున్నానో లేదో, శుక్రవారం చేపల భోజనానికి పిలవడానికి ఆయన లోపలికి వచ్చారు. ఈస్టరు ముందు రెండు వారాలు గుడిలో విగ్రహాలన్నిటికీ ఊదారంగు గుడ్డ కప్పాలి కదా. ఈ ఏడు బీరువా తెరిచి చూస్తే పాత ముసుగుల్ని ఎలుకలు కొట్టేశాయట. మనిషి దిగులుగా ఉన్నారు. వచ్చీ రాగానే కౌంటరు మీద రెండు పొరల ఊదారంగు గుడ్డ, రింగులతో సహా. దాన్ని చేత్తో నిమిరి, "మీ అక్కగారికి మా అవసరం ఎలా తెలిసిందండీ" అని అడిగారు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆ మొహం చూసి, ఇది గుడికి కాదండీ, పిన్‌బాల్ మిషన్‌కి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు నీ తెర రెండు ముక్కలై సగం మేరీ మాత మీద, సగం సెయింట్ జోసెఫ్ మీద ఉంది. ఈస్టరు దాకానే. నిన్న ప్రార్థనలో నీ పేరు చదివారు. ఇంటిపేరు కాస్త తప్పు పలికారు కానీ నువ్వేనని అందరికీ తెలిసింది.

కోపం తెచ్చుకోకు. కోటు ఎర్రగానే ఉంది.

చెస్టర్


షికాగో
27 ఏప్రిల్ 1987

చేషూ,

సున్నపు బొమ్మలకి తెర కట్టి, తోడబుట్టిన చెల్లెల్ని ఎండలో నిలబెట్టిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. సెయింట్ జోసెఫ్‌ది గోధుమరంగు అంగీ. ఆయన్ని తీసుకెళ్లి బీచిలో పాతినా ఆ రంగు పోదు. నా పేరు ప్రార్థనలో చదివారని విని స్టెల్లా పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. ఆమెకి ఈ ఉత్తరాలు చదివి వినిపించడం మానేశాను.

ఈస్టరు అయి ఎనిమిది రోజులైంది. తెర నీ దగ్గరికి తిరిగి రాలేదని నాకు తెలుసు, నువ్వు అడగలేదని కూడా తెలుసు.

ఇక దాపరికం లేకుండా చెబుతున్నాను. నీకు నలుగురు ఆగి లోపలికి రావడం ముఖ్యం. అందుకని గేన్యాని కొట్టు ముందు బోర్డులా వాడుకుంటున్నావు. అది వెలిసిపోయి, నీలంగా మారిపోయి, ఆఖరికి ఎవరో కూడా తెలియకుండా పోయినా నీకు పట్టదు.

పట్టించుకోవడానికి ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను. ఇందులో నల్లకాగితం చుట్టిన గాజు ముక్క ఉంది, వేలెడు పొడవు. ఫ్యాక్టరీలో మేం కొత్త రంగు కలిపిన ప్రతిసారీ ఇలాంటి ముక్క మీద ఒక పట్టీ లాగి, తేదీ రాసి, నల్లకాగితంలో చుట్టి సొరుగులో పెట్టేవాళ్లం. మళ్లీ అదే రంగు కావాలంటే దీని పక్కన పెట్టి కలపాలి. ఇది గేన్యా కోటు ముక్క. ఆ మిషన్ కట్టడం ఆపేసిన రోజున ఫోర్‌మన్ చూడకుండా నా సంచీలో వేసుకున్నాను. ముప్పయి మూడేళ్లుగా నా బట్టల పెట్టె అడుగున ఉంది. నేను కూడా విప్పను, ఏ ఈస్టరుకో ఒకసారి తప్ప. ఆ ఎరుపు కలపడానికి వాడిన పొడి ఇప్పుడు ఎక్కడా దొరకదు. దీని తర్వాత ఇంకోటి లేదు.

దీన్ని కోటు పక్కన పెట్టి చూడు. నా మాట నమ్మక్కర్లేదు, నీ కళ్లనే నమ్ము. చూసి వెనక్కి పంపు.

బెర్నీస్


పోర్ట్ సెలీనా
22 జూన్ 1987

అక్కా,

జవాబు ఆలస్యమైంది. ఒక కారణం ఉంది, అది చదివితే నువ్వు సంతోషిస్తావు.

నీ ముక్క వచ్చిన రోజు సెలవుల జనంతో ఊపిరాడలేదు. ఎక్కడైనా పెట్టి మర్చిపోతానేమోనని, నల్లకాగితం విప్పి, ముక్కని బొమ్మ అద్దానికే కోటు పక్కన టేపుతో అంటించాను. రోజూ కాఫీ తాగుతూ పోల్చి చూసుకోవచ్చని. మొదటి రోజు కొంచెం తేడా కనిపించిన మాట నిజమే. కానీ పొద్దుటి వెలుతురు నమ్మదగ్గది కాదు. పైగా ఇది చిన్న విషయం కాదు. తొందరపడి ఏదో ఒకటి రాసేస్తే నువ్వు మళ్లీ తెర మొదలుపెడతావు. అందుకని ఓపిగ్గా ఏడు వారాలు చూశాను.

తేడా రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. నా కళ్లు అలవాటు పడుతున్నాయనుకున్నాను. నిన్న ఆదివారం మధ్యాహ్నం స్టూలు వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, పరీక్షగా చూశాను. రెండూ ఒకటే రంగు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. నా ఒక్కడి మాట నువ్వు నమ్మవని ఇవాళ పోస్ట్‌మన్‌ని కూడా లోపలికి పిలిచి చూపించాను. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, ఒకే డబ్బాలోంచి తీసి పూసినట్టు ఉన్నాయన్నాడు.

ఇప్పుడైనా ఒప్పుకుంటావా? ముక్కని భద్రంగా దూదిలో చుట్టి పంపుతున్నాను.

ఒక్క మాట మాత్రం. చెల్లెల్ని బోర్డులా వాడుకుంటున్నానని రాశావు. అది చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నువ్వు ఎన్ని తిట్టినా పడతాను కానీ అది మళ్లీ అనకు.

ఫోర్‌మన్ కులాసా.

చెస్టర్


షికాగో
29 జూన్ 1987

చెస్టర్,

ముక్క అందింది. వంటింటి కిటికీ దగ్గర దూది విప్పాను. దూది కంటే కాస్త ముదురు రంగులో ఉంది.

ఆఖరి ముక్కని తీసుకెళ్లి ఏడు వారాలు ఫ్లోరిడా ఎండలో ఆరేశావు. రోజూ దాని ముందు కూర్చుని కాఫీ తాగావు. తేడా రోజురోజుకీ తగ్గుతోందని నువ్వే రాశావు, అయినా నీ బుర్రకి ఏమీ తట్టలేదు. పోస్ట్‌మన్‌ని సాక్ష్యం పెట్టావు. కోటు ముక్కలా అవలేదురా, ముక్క కోటులా అయింది.

నేను గట్టిగా అరిచానని స్టెల్లా అంటోంది. నాకు గుర్తు లేదు. కుర్చీలో కూర్చున్నది మాత్రం గుర్తుంది.

నిన్ను మూర్ఖుడని అనను. మూర్ఖుడికి కూడా కిటికీకి గుడ్డ కట్టడం వస్తుంది. నాలుగు నెలలుగా నువ్వు చెప్పిన కారణాలన్నీ పక్కన పెట్టుకుని ఇవాళ మళ్లీ చదివాను. మధ్యాహ్నం ఎండలో బీచి మీంచి ఒక్క పురుగు కూడా రాదని, ఆ వేళ కౌంటరు మీద కునుకు తీస్తానని పోయినేడు నువ్వే రాశావు. మరి ఆ వేళకి తెర వేస్తే నీకు పోయేదేమిటి? జనం కాదు నీ కారణం. ఇంకేదో ఉంది. అదేమిటో నాకు చెప్పు. చెప్పడం ఇష్టం లేకపోతే ఇక ఉత్తరాలు రాయకు, పెలికన్ సంగతులు నాకు అక్కర్లేదు.

బెర్నీస్


పోర్ట్ సెలీనా
8 జులై 1987

అక్కా,

నీ ఉత్తరం చదివి వెళ్లి మిషన్ ముందు నిలబడ్డాను. ముక్క విషయంలో నేను చేసింది అప్పుడు అర్థమైంది. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఇది నీకు ఎప్పుడూ చెప్పకూడదనుకున్నాను.

గేన్యాకి తల్లో జబ్బు ముదిరిన ఆ చలికాలం, వెలుతురు పడకూడదని డాక్టరు చెబితే నువ్వు దాని గది కిటికీకి దుప్పటి వేసి మేకులు కొట్టావు. మూడు నెలలు ఆ గది అలాగే ఉంది. జనవరిలో నువ్వు ఈ అద్దం ఇంటికి తెచ్చావు. మెడ గుడ్డ దగ్గర రంగులో సూదిమొనంత బెజ్జం ఉందని ఫ్యాక్టరీలో తీసి పక్కన పడేసిన అద్దం. పేపరు విప్పి దాని మంచం ఎదుట నిలబెట్టి, నువ్వేనే చూడు అని చెప్పి పనికి వెళ్లావు. నేను పక్కన కూర్చున్నాను. ఆ చీకట్లో అద్దం మీద ఎవరో ఉన్నట్టు లీలగా తెలుస్తోంది, అంతే.

కాసేపు చూసి, "చేషూ, నా కోటుకి ఏం రంగు వేశారు?" అంది. నేనూ వెలుతురులో చూడలేదే, తెలియదన్నాను. "దుప్పటి ఒక్క నిమిషం పక్కకి తియ్యి. చూసి మళ్లీ పడుకుంటా" అంది. అక్క చంపేస్తుంది, అక్క వచ్చాక అడుగుదాం అన్నాను. సరే అని గోడ వైపు తిరిగింది. నువ్వు అలసిపోయి వచ్చావు. నేను అడగలేదు. మర్నాడు కూడా అడగలేదు. మూడోనాడు పొద్దున అది పోయింది.

ఒక్క నిమిషం, అక్కా. ఒక మేకు పీకితే చాలు.

నువ్వు ఆ అద్దం చూడలేనంటే నేను తీసుకున్నాను. తర్వాత ఒక బారులో అదే మిషన్ అద్దం పగిలి మూల పడి ఉంటే, దాన్ని తెచ్చుకుని దీన్ని బిగించాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేనున్న ఏ ఇంట్లోనూ, ఏ కిటికీకీ గుడ్డ కట్టలేదు. గేన్యాని ఈ ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ వెలుతురు ఉన్న చోట పెట్టాను. ఆ వెలుతురే దాని కోటుని తినేస్తోందని నాకూ ఎక్కడో తెలుసు. తెలిసినా ఒప్పుకోలేకపోయాను. నీకు చెబితే, మేకులు కొట్టినందుకు నిన్ను తప్పు పడుతున్నాననుకుంటావని ఊరుకున్నాను.

చెస్టర్


షికాగో
17 జులై 1987

చేషూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది ఐదోది, ఎలా వస్తే అలా పంపేస్తాను.

మేకులు కొట్టినందుకు నాకు విచారం లేదు. తలుపు సందులోంచి వెలుతురు పడితేనే అది తల పట్టుకుని ఏడ్చేది. నువ్వు షెడ్డులో ఉన్నప్పుడు ఆ ఏడుపు విన్నది నేను. దుప్పటి తీసి ఉంటే నీకు ఇప్పుడు ఇంకో బాధ ఉండేది. ఆ ఒక్క విషయంలో నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు.

నేను చేసింది వేరే ఉంది. ఆ రోజు పనికి వెళ్లేముందు అది నన్ను కూడా అడిగింది. ఏం రంగు అక్కా అని. నాకు తెలుసు కదా, నేను లాగిన రంగే కదా. "బాగయ్యాక చూద్దువుగాని, ఇప్పుడే చెబితే ఏం మజా" అన్నాను. వెలుతురు అక్కర్లేదు, మేకు పీకక్కర్లేదు. నోటితో ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆ తర్వాత ముప్పయి మూడేళ్లు ఆ ఎరుపుని పెట్టె అడుగున దాచుకుని కూర్చున్నాను, నువ్వేమో దాన్ని ఎండలో పెట్టుకుని కూర్చున్నావు. మన ఇద్దరిలో ఎవరికి ఎక్కువ బుద్ధి ఉందో నాకు తెలియడం లేదు.

ఇక చాలు. స్క్రూడ్రైవరు తీసుకుని చెప్పింది చెప్పినట్టు చెయ్.

బొమ్మ అద్దం చుట్టూ ఇనుప పట్టీ ఉంటుంది. కోటు అంచు గాలికి ఎగిరి ఎడమ పక్క చివరిదాకా వస్తుంది, ఆ పట్టీ కిందికి దూరుతుంది. అక్కడ ఇన్నేళ్లూ వెలుతురు పడలేదు. నా ఎరుపు అక్కడ ఉండి తీరాలి. పట్టీ విప్పి చూడు. ఒకే ఒక్క నిమిషం. ఆ తర్వాత మళ్లీ బిగించు. టేపు జోలికి మాత్రం వెళ్లకు.

రెండోది. తెర వద్దు. మిషన్ని తిప్పు. వీపు కిటికీకి, మొహం హాలు లోపలికి. మిషన్ తలకాయకి వెనక పక్క చెక్క తలుపు ఉంది, అందులోంచి ఎండ రాదు. గేన్యా ఎప్పుడైనా ఎండకి మొహం పెట్టి కూర్చుందా? మెట్ల మీద ఎలా కూర్చునేదో మొదటి ఉత్తరంలోనే నీకు రాశాను. రాసిన నాకే ఇన్నాళ్లూ తట్టలేదు. నాకు కిటికీ కనిపిస్తే మూయడం తప్ప ఇంకోటి తట్టదు కాబోలు.

మిషన్ నువ్వొక్కడివే లాగకు. మోకాలు జాగ్రత్త.

అక్క


పోర్ట్ సెలీనా
29 జులై 1987

అక్కా,

మిషన్ తిప్పాను. పోస్ట్‌మన్ ఒక పక్క పట్టుకున్నాడు. నేను రెండు రంగులూ ఒకటేనని తప్పు సాక్ష్యం చెప్పించినందుకు ఆయనకి క్షమాపణ కూడా చెప్పాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. పట్టీ స్క్రూల్లో ఒకటి మెట్ల మీద పడితే ఫోర్‌మన్ నోట కరుచుకుని వెళ్లిపోయాడు. కొత్తది వేశాను, కాస్త పొడుగు. నువ్వు తిట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇప్పుడు వీధిలోంచి చూస్తే ఒట్టి చెక్క వీపు కనిపిస్తోంది. మొదటి రోజే ముగ్గురు వచ్చి హాలు మూసేశారా అని అడిగారు. అట్ట మీద రాసి గుమ్మానికి తగిలించాను. ఫాదర్ కుబిక్ తెర రెండు ముక్కలూ తిరిగి ఇచ్చారు, కొవ్వొత్తి మైనం మరకలతో. వాటిని మిగతా మిషన్ల వైపు కట్టాను. నా చేత్తో కిటికీకి గుడ్డ కట్టడం ఇదే మొదటిసారి. గేన్యా వెనక ఉన్న కిటికీ మాత్రం వదిలేశాను. సాయంత్రం నాలుగింటికి ఎండ దాని వీపు మీదికి వస్తుంది. నేను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటున్నాను.

మిషన్ తిప్పకముందు పట్టీ విప్పాను. మధ్యాహ్నం, హాల్లో ఎవరూ లేరు. అద్దం బయటికి తీసి కిటికీ దగ్గరికి తెచ్చాను. వేలెడైనా ఉంటుందనుకున్నాను, అంత లేదు, గోరు వెడల్పు ఉందేమో. కానీ ఉంది, అక్కా. ఎర్రగానే ఉందని నీతో అన్ని నెలలు వాదించానే, దేన్ని చూసి వాదించానో నాకే తెలియదు. అంత ఎరుపుని నేను మర్చిపోయాను.

నువ్వు ఒక్క నిమిషమే అన్నావు. గోడ గడియారం చూసుకున్నాను. అద్దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని, "ఎరుపేనే, గేన్యా" అని చెప్పాను. పైకే చెప్పాను. నిమిషం అవగానే పట్టీ బిగించేశాను.

నీ తమ్ముడు
చేషూ